ఆరోగ్య దీపిక: శస్త్రచికిత్స అనంతరం పసివారి నొప్పి

"పిల్లవాడు ఏడవడం లేదు కదా, ఇంక మందెందుకు?" టాన్సిల్స్ తీయించుకొని ఇల్లు చేరిన పిల్లల తల్లిదండ్రుల నోట ఈ మాట మేము తరచు వింటూ ఉంటాము. ఈ మాసం దీనినే పరిశీలిద్దాము.

నవజాత శిశువులకు నొప్పి అంతగా తెలియదన్న భావన 1980ల వరకు వైద్యలోకంలోనే ఉండేది. ఇండోర్‌లో వైద్యవిద్య నభ్యసించిన డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్, ఆక్స్‌ఫర్డ్‌లో సహచరులతో కలిసి నెలలు నిండని శిశువులపై జరిపి, 1987లో ప్రకటించిన పరిశోధన ఈ భావనను తలక్రిందులు చేసింది. మత్తుతోపాటు ఫెంటానిల్ అనే నొప్పినివారిణిని పొందిన శిశువులు శస్త్రచికిత్స తాకిడిని మెరుగుగా తట్టుకున్నారు. అది పొందనివారిలో చిక్కులు అధికమయ్యాయి.

కనుక మౌనాన్ని సుఖమని భ్రమించరాదు. సూది వేస్తారన్న భయంతో నొప్పిని దాచే పిల్లలూ ఉన్నారు. మూడేళ్లు దాటినవారు నవ్వుమొగం మొదలు ఏడుపుమొగం వరకు గల ఆరు బొమ్మలలో తమ బాధను వేలితో చూపగలరు. మాటలు రాని పసివారిలో ముఖకవళికలు, కాళ్ల కదలిక, ఏడుపు గమనించాలి. ఓదార్చితే ఊరుకుంటున్నారో లేదో చూడాలి. గొంతునొప్పితో నీరు త్రాగని బిడ్డ త్వరగా నీరసిస్తుంది.

వైద్యుడు వేళ ప్రకారం పారాసిటమాల్ వ్రాసి ఇచ్చినప్పుడు, తొలి దినాలలో నొప్పి ముదిరేదాకా ఆగరాదు. మోతాదు బిడ్డ బరువును బట్టి వైద్యుడే నిర్ణయించాలి. ఆస్పిరిన్ సొంతంగా ఇవ్వరాదు. పెద్దల కోసం ఇంట ఉన్న నొప్పి మాత్రలను విరిచి వేయరాదు.

రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి, పడుకొనే ముందు బిడ్డ ప్రక్కన కూర్చుండి "ఎంత నొప్పిగా ఉన్నది నాన్నా?" అని అడిగి, చెప్పినదానిని నమ్మవలెనని మా మనవి.