నల్లదాన్ని ఎవరు తీస్కపోతరు?

"ల్యాబ్రడార్ ఏమన్నా వచ్చిందా అన్నా?"

కుక్కల షెల్టర్ గేటు దగ్గర కారు దిగిన దంపతులు మొదట అడిగింది ఇదే. లేదు సార్, ఇప్పుడున్న పిల్లలన్నీ నాటువే, ఇండీలే అన్నాడు అక్కడి కుర్రాడు. కుక్కపిల్ల కావాలని నెలరోజులుగా ఇల్లు పీకి పందిరేస్తున్న వాళ్లబ్బాయి అప్పటికే జాలీ ముందు చతికిలబడ్డాడు. లోపల నల్లటి ఆడపిల్ల. ఎనిమిది నెలలుంటాయి. చెవి కొసన చిన్న గాటు. అది ముందు వాడి చెప్పు వాసన చూసింది. జాలీ సందులోంచి ముట్టె దూర్చి వేళ్లు నాకింది. తర్వాత అటు తిరిగి, గోకమన్నట్టు వీపు జాలీకి ఆనించి కూర్చుంది. వాడు గోకుతూ కూర్చున్నాడు.

"ఆడదా? వద్దు నాన్నా, రేపు పిల్లల్ని పెడితే ఎవరు చూస్తారు?" అంటూ తల్లి వాణ్ని చెయ్యి పట్టి లేపింది. దానికి ఆపరేషన్ అయిపోయిందండీ, చెవి మీది గాటు అందుకే అని చెప్పాను. "అయినా వీధిది కదండీ, దాని బుద్ధి ఎలా ఉంటుందో ఏమో" అన్నాడు తండ్రి. కారు వెళ్లిపోయింది. ఆ పిల్ల కాసేపు గేటు వైపు చూసి, గుండ్రంగా రెండు చుట్లు తిరిగి, గోడ వైపు మొహం పెట్టి పడుకుంది. గిన్నెలు తోముతున్న పెద్దమ్మ తలెత్తకుండానే అంది: "నల్లదాన్ని ఎవరు తీస్కపోతరు సారూ? ఆడది గూడనాయె."

ఆ తండ్రి చెడ్డవాడు కాడు. చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ మన ఊళ్లలో నమ్మే మాటే ఆయన నోట వచ్చింది. వీధిలో పుట్టింది వీధికే, ఇంటికి మాత్రం జాతి కుక్క. దీనికి జంటగా ఇంకో మాట కూడా ఉంది: షెల్టర్‌లో వేళకు తిండి పెడుతున్నారు కదా, ఇక దానికేం లోటు? ఆరేళ్లుగా ఆదివారాలు ఆ రేకుల షెడ్డు కింద గడుపుతున్నవాడిగా చెబుతున్నాను, ఈ రెండు మాటలూ తప్పు. ఆ నల్లదాని వయసును తినేస్తున్నది ఈ రెండే.

ముందు బుద్ధి సంగతి. ఏ పీఠం ఎక్కించినా కుక్క పుట్టుగుణం పోదన్న నీతి, సుమతీ శతకం చదువుకున్న ప్రతివాడికీ గుర్తే. మనుషుల నీచబుద్ధి గురించి చెప్పడానికి కవి కుక్కను పోలికగా తెచ్చుకున్నాడు. మనం నీతిని వదిలేసి పోలికనే శాస్త్రమని పట్టుకున్నాం. శాస్త్రం చెప్పేది వేరు. 2022లో అమెరికా పరిశోధకులు 18,000కు పైగా కుక్కల యజమానులను వాటి నడవడి గురించి అడిగి, 2,000కు పైగా కుక్కల జన్యువులను చదివి, తేలిన సంగతిని ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. ఒక కుక్క నడవడికీ మరో కుక్క నడవడికీ ఉన్న తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే. కాగితం మీద జాతి పేరు రాయించుకుని మనం కొంటున్నది చాలావరకు దాని రూపాన్నే. దాని మనసు ఎలాంటిదో ఆ పేరు చెప్పదు.

మన వీధి కుక్కల మీదే ఏళ్ల తరబడి పనిచేస్తున్న బృందం ఒకటుంది, కోల్‌కతా ఐసర్ పరిశోధనా సంస్థలో అనిందితా భద్ర నడిపేది. ముక్కూ మొహం తెలియని మనిషి కొన్నాళ్లు తిండి పెడితే వీధి కుక్క ఎక్కువ నమ్ముతుందా, తల నిమిరితే ఎక్కువ నమ్ముతుందా అని వాళ్లు పరీక్షించారు. నిమిరిన చేతినే ఎక్కువ నమ్మాయని 2017లో ప్రకటించారు. రోజంతా ఎంగిలాకుల కోసం వెతుక్కునే ప్రాణి, తిండి కంటే ముందు చెయ్యిని ఎంచుకుంది. ఇది చదివినప్పుడు నాకు జాలీకి ఆనుకున్న ఆ నల్లటి వీపే గుర్తొచ్చింది.

అసలు ఈ చర్చ మన తాతలకు అర్థమయ్యేది కాదు. కళ్లంలో ధాన్యం రాశి పక్కన రాత్రంతా మేలుకున్నది ఏ జాతి? కొష్టం ముందు పడుకున్నది, మంద వెంట పోయినది, అమ్మమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచే వేళకు అరుగు కింద తోకాడిస్తూ నిలబడినది, అన్నీ ఊళ్లో పుట్టి ఊళ్లో పెరిగిన కుక్కలే. "కుక్కకున్న విశ్వాసం లేదు" అని ఇప్పటికీ మనుషుల్ని తిడతాం. ఆ మాట పుట్టింది ఊరకుక్కను చూసే. దాని విశ్వాసాన్ని మాత్రం సామెతలో ఉంచుకుని, దాన్ని గుమ్మం బయటికి నెట్టింది మా తరమే. అపార్టుమెంట్లు వచ్చాయి, వాటితో పాటు కుక్క కూడా హోదా చూపించే వస్తువైంది.

జాతి కుక్కల మీద నాకు కోపం లేదు, వాటి మీద జాలి. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్‌ను చూసి దేశమంతా పగ్‌ల వెంట పడింది. కుక్క ఒంటి వేడి దించుకునేది ముఖ్యంగా రొప్పుతూనే. ముట్టె అణిగిపోయిన పగ్‌కు సరిగా గాలే ఆడదు, మే నెలలో అది పడే అవస్థ చూడలేం. మంచు నేల కోసం రెండు పొరల బొచ్చుతో పుట్టిన హస్కీని హైదరాబాదులో ఏసీ గదిలో బంధిస్తున్నారు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని, పిల్లల్ని పెట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. ఆ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడిగి కొన్నవాళ్లను నేను ఒక్కరిని కూడా చూడలేదు. మా షెల్టర్ వెనక వరసలో ఇప్పుడు ఒక పగ్, ఒక జర్మన్ షెపర్డ్ ఉన్నాయి. రెండింటినీ రాత్రిపూట గేటుకు కట్టేసి వెళ్లిపోయారు. వాటిని కొన్న రోజున ఆ ఇళ్లలో కూడా "జాతి కుక్క, బుద్ధి బాగుంటుంది" అనే అనుకుని ఉంటారు.

ఇప్పుడు రెండో మాటకు వస్తాను. నిజానికి నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే దీన్ని దయ ఉన్నవాళ్లే అంటారు.

షెల్టర్‌లో దానికేం లోటు? మా దగ్గర అరవై కుక్కలకు ఇద్దరు పనివాళ్లు. పొద్దున పదింటికీ సాయంత్రం అయిదింటికీ పెద్ద డేగిసాలో కోడి మెడలూ కాళ్లూ పసుపు వేసి ఉడికించి, అన్నంలో కలిపి పెడతారు. ఎవరూ ఆకలితో పడుకోరు. టీకాలు పడతాయి, గాయాలకు మందు పడుతుంది. ఇదంతా నిజం, ఇందుకు ఆ ఇద్దరికీ చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ నల్లది రోజులో ఇరవై మూడు గంటలు నాలుగడుగుల సిమెంటు గచ్చు మీద ఉంటుంది. మోచేతుల దగ్గర బొచ్చు అప్పుడే ఊడి చర్మం కాయ కాచింది. ఎనిమిది నెలల వయసంటే కుక్కకు పరుగెత్తే వయసు, నమిలే వయసు, నేర్చుకునే వయసు.

కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా పరిచయం చేసుకునేది సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా. అప్పుడు చూసినవీ విన్నవీ దానికి మామూలు అయిపోతాయి, చూడనివి తర్వాత భయపెడతాయి. ఈ పిల్ల మూడు నెలలప్పుడు వచ్చింది. కుక్కర్ విజిల్ వినలేదు. మిక్సీ చప్పుడు తెలియదు. లిఫ్టు, మెట్లు, కాలింగ్ బెల్, సోఫా, దీపావళికి ఇంట్లో తలుపులేసుకుని అమ్మ ఒళ్లో తల పెట్టుకోవడం, ఏదీ తెలియదు. ఇప్పుడైతే ఓ నెలలో నేర్చుకుంటుంది. ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంచండి, అప్పుడు తీసుకెళ్లిన ఇంట్లో మూల నక్కి వణుకుతుంది, చెయ్యెత్తితే గుర్రుమంటుంది. అప్పుడు "చూశారా, వీధి కుక్క బుద్ధి" అంటారు. ఆ భయాన్ని దానిలో పెంచింది రెండేళ్ల సిమెంటు గచ్చు అని ఎవరూ అనరు.

ఇంతదాకా బతికిందంటేనే అది గట్టి పిండం. కోల్‌కతా ఐసర్ బృందమే వీధి కుక్కల 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లలను వెంటాడి చూసింది. ఈడుకొచ్చేదాకా మిగిలినవి 19 శాతం. పోయినవాటిలో 63 శాతం చావులకు ఏదో ఒక రకంగా మనుషులే కారణమని 2016లో రాశారు. అయిదింటిలో నాలుగు పోగా మిగిలిన ఒకటి మన ఎదురుగా కూర్చుని వీపు గోకమంటోంది.

ఇక భయం. దీన్ని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ని వీధి కుక్కలు చంపేశాయి. ఆ కెమెరా దృశ్యం చూసిన రాత్రి నాకు నిద్ర లేదు. 2024లో దేశంలో కుక్క కాట్ల కేసులు 37 లక్షలు దాటాయి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని దక్కించుకోవడం దాదాపు అసాధ్యం. కుక్కల ప్రేమికులమని చెప్పుకునేవాళ్లు ఈ సంగతులు ఎత్తినప్పుడల్లా మొహం తిప్పుకుంటే, వాళ్ల మాట ఎవరూ వినకపోవడం న్యాయమే. పది షెల్టర్ కుక్కలను దత్తతకిస్తే వీధుల్లో కుక్కలు తగ్గిపోతాయని కూడా నేను చెప్పను. వాటి సంఖ్య తగ్గేది ఊరూరా ఆపరేషన్లు ఆగకుండా జరిగితేనే. రేబిస్ ఆగేది నూటికి డెబ్భై కుక్కలకు టీకా పడితేనే. అది మునిసిపాలిటీల పని, దానికి వాళ్లను నిలదీయాల్సిందే.

కానీ ఈ భయానికీ ఆ నల్లదానికీ ఏమిటి సంబంధం? టీకాలు పడి, ఆపరేషన్ అయ్యి, అయిదు నెలలుగా మనుషుల చేతి తిండి తింటున్న పిల్ల అది. నడిరోడ్డు మీద ఆకలితో గుంపు కట్టిన కుక్కల నేరానికి దీన్ని శిక్షించడం, ఎవరో చేసిన దొంగతనానికి పక్కింటి పిల్లాణ్ని కొట్టడం లాంటిది.

పైగా ఇప్పుడు పరిస్థితి మారింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తన ముందరి ఆదేశాన్ని సవరిస్తూ, వీధి కుక్కలను దత్తత తీసుకోదలచినవాళ్లు మునిసిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని, తీసుకున్నాక వాటిని మళ్లీ వీధిలోకి వదలకుండా చూసుకునే బాధ్యత వాళ్లదేనని చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల నుంచి కుక్కలను పట్టి షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడ వదలకూడదని ఆదేశించింది. ఈ ఆదేశాల మంచిచెడ్డల మీద వాదించుకోవచ్చు. ఒకటి మాత్రం కళ్లకు కనిపిస్తోంది: షెల్టర్‌లోకి వచ్చే దారి వెడల్పవుతోంది. అలా వచ్చినదానికి బతికుండగా బయటికి పోయే దారి ఒక్కటే, ఎవరో ఒకరి ఇల్లు. "వీధిది ఇంటికి పనికిరాదు" అని మనమంతా అనుకుంటూ ఉంటే ఆ దారి కూడా మూసుకున్నట్టే.

తీసుకెళ్తే కష్టం లేదని అబద్ధం చెప్పను. మా ఇంట్లో ఇప్పుడున్న రెండూ ఈ షెడ్డు నుంచి వచ్చినవే. పెద్దది వచ్చిన మూడు రోజులు మంచం కింద నుంచి కదల్లేదు, అన్నం ముట్టలేదు, హాల్లో మూడుచోట్ల తడిపింది. నాలుగో రోజు రాత్రి మా అమ్మ నేల మీద చాప వేసుకుని టీవీ చూస్తుంటే వచ్చి ఆమె పాదం మీద గడ్డం ఆనించింది. కుక్కలంటే గిట్టదని నాతో నాలుగు రోజులు మాట్లాడని మనిషి, కాలు తిమ్మిరెక్కినా తీయలేదు. మూడోదానికి మా రెండు గదులు చాలవు, లేకపోతే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు, ఆ నల్లదాన్ని బండి మీద ఎక్కించుకుని వచ్చేవాణ్ని.

ఈ ఆదివారం ఇద్దరు వస్తామని ఫోన్ చేశారు. ఒకాయన మగపిల్లే కావాలన్నారు, తెల్లదైతే మరీ మంచిదట. ఇంకొకావిడ ఏమీ అడగలేదు, గేటు ఎన్నింటికి తీస్తారని మాత్రం అడిగారు. ఇద్దరికీ ముందు నల్లదాన్నే చూపిస్తాను.