ఫీజు కట్టే ముందు ఆ కాగితం అడగండి



మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక విద్యార్థి నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేశాక, జేబులోంచి మడతపెట్టిన రంగుల పాంప్లెట్ ఒకటి తీశారు. "మేడం, మా పెద్దోడు ఇంటర్ రాసిండు. ఇందుల చేర్పిద్దామనుకుంటున్నం. యూనివర్సిటీ అంట, డిగ్రీ వీళ్లే ఇస్తరంట. ఇంగ్లీష్‌ల ఉంది, జర చూసి చెప్పుండ్రి" అన్నారు.

చదివాను. హాస్టల్, ఏసీ క్లాస్‌రూమ్, ప్లేస్‌మెంట్లు అన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. యూనివర్సిటీ హోదాకు దరఖాస్తు చేశామన్న సంగతి మాత్రం అడుగున సన్న అక్షరాల్లో ఉంది. "అనుమతి కాగితం చూశారా సార్?" అని అడిగితే ఆయన నవ్వారు. "అంత పెద్ద బిల్డింగ్ ఉంది కద మేడం. పర్మిషన్ లేకుండ కడ్తరా?"

ఆ ప్రశ్న గురించే ఈ నెల మీతో మాట్లాడాలనుకుంటున్నాను. మన బాన్సువాడలో ఎవరైనా ఎకరం పొలం కొంటే ఏం చేస్తారు? పట్టాదారు పాసుబుక్ చూస్తారు. ఈసీ తీయిస్తారు. హద్దులు కొలిపిస్తారు. పక్క పొలం రైతును అడుగుతారు. పొలం పచ్చగా ఉందని చూసి బయానా ఇచ్చేవారు ఉండరు. మరి లక్షల్లో ఫీజు కట్టి, పిల్లల నాలుగేళ్లు అప్పగించే చోట మనం బిల్డింగ్ చూసి ఎందుకు సంతకం పెడుతున్నాం?

బిల్డింగ్ కట్టడానికి ఇచ్చే అనుమతి వేరు, డిగ్రీ ఇవ్వడానికి ఇచ్చే అనుమతి వేరు. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం మూడు రకాల సంస్థలకే ఉంది. ఒకటి, పార్లమెంటు లేదా శాసనసభ చట్టంతో ఏర్పడిన యూనివర్సిటీ. రెండు, కేంద్రం గుర్తించిన డీమ్డ్ యూనివర్సిటీ. మూడు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థ. మిగతా కాలేజీలన్నీ ఏదో ఒక యూనివర్సిటీకి అనుబంధంగా ఉండాల్సిందే. అటానమస్ కాలేజీ అయినా సరే, డిగ్రీ మీద ఉండేది ఆ యూనివర్సిటీ పేరే.

మన రాష్ట్రంలో ప్రైవేట్ యూనివర్సిటీల కోసం 2018లో చట్టం వచ్చింది. సంస్థ దరఖాస్తు పెట్టాలి, ప్రభుత్వం పరిశీలించాలి, చివరికి ఆ చట్టం షెడ్యూల్‌లో సంస్థ పేరు చేరాలి. 2020లో మహీంద్రా, వోక్సెన్, మల్లారెడ్డి, ఎస్ఆర్, అనురాగ్ అనే ఐదు పేర్లు అలా చేరాయి. మరికొన్నింటిని చేర్చే సవరణ బిల్లును 2022 సెప్టెంబరులో అసెంబ్లీ పాస్ చేసింది. కానీ గవర్నర్ ఆమోదం వెంటనే రాలేదు. పెండింగ్ బిల్లుల మీద రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చిలో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆమోదం ఎలాగూ వస్తుందన్న ధీమాతో రెండు సంస్థలు అప్పటికే యూనివర్సిటీ పేరుతో అడ్మిషన్లు చేసుకున్నాయి. 2023లో ఆ పిల్లలు, తల్లిదండ్రులు రోడ్డెక్కి ఆందోళన చేయడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. బిల్లు ఆగడంలో తప్పెవరిదో పెద్దలు తేల్చుకుంటారు. ఏడాది చదువు ఏమవుతుందో తెలియక నలిగిపోయింది మాత్రం పిల్లలు.

ఇంకా పెద్ద ఉదాహరణ పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. అక్కడ 2002లో చేసిన చట్టం కింద ప్రభుత్వం ఒక్క గెజిట్ నోటిఫికేషన్‌తో యూనివర్సిటీ ఏర్పాటు చేయగలిగేది. చూస్తుండగానే 112 పుట్టుకొచ్చాయి. యూజీసీ మాజీ ఛైర్మన్, శాస్త్రవేత్త ప్రొఫెసర్ యశ్‌పాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2005 ఫిబ్రవరి 11న కోర్టు ఆ సెక్షన్లను కొట్టేసింది. పిల్లలు నష్టపోకుండా ఆ సంస్థలను ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీలకు అనుబంధం చేసే ఏర్పాట్లు చూడమంది. గమనించండి, అక్కడ ప్రభుత్వ నోటిఫికేషన్ ఉంది. అయినా నిలబడలేదు. అనుమతి ఉందా అని మాత్రమే కాదు, ఏ చట్టం కింద, ఎవరు ఇచ్చారు అని కూడా అడగాలి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి సొంత కారణం కూడా ఉంది. నేను బీఈడీ చదివిన కాలేజీకి ఆ ఏడాది అఫిలియేషన్ రెన్యూవల్ ఆగిపోయింది. ఆ సంగతి మాకు పరీక్ష ఫీజు కట్టాకే తెలిసింది. ఆఫీసులో ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు: "వస్తుందమ్మా, కంగారు పడకు." నాన్న రోజూ సాయంత్రం ఫోన్ చేసి "వచ్చిందా బిడ్డా?" అని అడిగేవారు. ఆ ఫీజు వడ్లు అమ్మిన డబ్బు. హాల్‌టికెట్లు పరీక్షకు ముందు రోజు సాయంత్రం వచ్చాయి. వచ్చాయి కాబట్టే ఇవాళ మీ పిల్లలకు ఇంగ్లీష్ చెబుతున్నాను. చేరిన రోజే ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ రోజులు మాకు తప్పేవి.

"చివరికి ప్రభుత్వమే చూసుకుంటుందిలే" అని కొందరు అంటారు. నిజమే. దుకాణాలు, ఇళ్లు కలిసున్న భవనాల్లో నడిచే జూనియర్ కాలేజీలకు ఫైర్ ఎన్ఓసీ లేక అఫిలియేషన్ చిక్కుల్లో పడటం, పిల్లల పరీక్షల దృష్ట్యా మినహాయింపు ఇవ్వడం మన దగ్గర ఒకటికి రెండుసార్లు జరిగింది. కానీ ఆ మినహాయింపు పరీక్షకు పనికొస్తుంది, మంటలు వస్తే పనికిరాదు. పైగా ఎలాగూ ఇస్తారన్న నమ్మకం ఉన్నంతకాలం కాగితం లేకుండా అడ్మిషన్లు మొదలుపెట్టే ధైర్యమూ ఉంటుంది. తనిఖీలు, అనుమతులు ఆఫీసుల్లో ఆలస్యమవుతాయని యాజమాన్యాలు చెప్పే మాటలోనూ నిజముంది. ఆ ఆలస్యం తగ్గాలి. కానీ దాని భారం పదహారేళ్ల పిల్లల మీద వేయకూడదు.

అందుకే మొదటి టర్మ్ ఫీజు కట్టే ముందు ఇవి చూడండి.

ఇంటర్ అయితే: ఇంటర్ బోర్డు వెబ్‌సైట్‌లో అఫిలియేషన్ ఉన్న కాలేజీల జాబితా ఉంటుంది. ఈ విద్యా సంవత్సరానికి పేరు ఉందా? అక్కడి చిరునామా, మీ పిల్లలు కూర్చునే భవనం ఒకటేనా?

డిగ్రీ అయితే: ఏ యూనివర్సిటీకి అనుబంధం? మన ప్రాంతంలో ఎక్కువగా డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీ. దోస్త్ పోర్టల్‌లో కాలేజీ, కోర్సు రెండూ కనిపిస్తున్నాయా?

ఇంజినీరింగ్ అయితే: ఏఐసీటీఈ అనుమతి, జేఎన్టీయూ లాంటి యూనివర్సిటీ అనుబంధం రెండూ ఉన్నాయా? మీరు కోరిన బ్రాంచికి ఎన్ని సీట్లకు ఇచ్చారు? బీఈడీకి ఎన్‌సీటీఈ గుర్తింపు చూడాలి.

ప్రైవేట్ యూనివర్సిటీ అయితే: యూజీసీ జాబితాలో పేరు ఉందా? నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా యూజీసీయే ఇస్తుంది. అందులో గుంటూరు, విశాఖపట్నం చిరునామాలు కూడా కనిపించాయి. ఒక రాష్ట్రం చట్టంతో ఏర్పడిన ప్రైవేట్ యూనివర్సిటీ ఇంకో ఊళ్లో కాలేజీలకు అనుబంధం ఇవ్వకూడదు. "స్టడీ సెంటర్" బోర్డు చూసి ఆగిపోకండి.

న్యాక్ గ్రేడ్, ఐఎస్ఓ సర్టిఫికెట్, ర్యాంకు మంచివే. కానీ అవి అనుమతి కావు. "అప్లై చేశాం", "ప్రాసెస్‌లో ఉంది" అంటే ఇంకా రాలేదనే అర్థం. వచ్చాకే కడతామని మర్యాదగా చెప్పండి.

ఇది మాకూ వర్తిస్తుంది. మన స్కూల్ గుర్తింపు ఎప్పటివరకు ఉంది, యూడైస్ కోడ్ ఎంత, ఫైర్ ఎన్ఓసీ ఉందా అని ఆఫీసులో అడగండి. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు, అనుకోకూడదు కూడా.

ఆ నాన్నగారు మరుసటి వారం ఫోన్ చేశారు. పాంప్లెట్‌లోని నంబరుకు చేసి, అనుమతి కాపీ వాట్సాప్‌లో పెట్టమని అడిగారట. "పెడ్తమన్నరు మేడం. నాల్గు రోజులైంది, ఇంకా పెట్టలే" అన్నారు. బయానా మాత్రం ఇంకా ఇవ్వలేదు.