సైకిల్ దారి మనక్కూడా కావాలి



హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల నీడ కూడా ఉంది. మంచిదే. కానీ అక్కడ తొక్కేది ఎక్కువగా వ్యాయామానికి. మనకి సైకిల్ అంటే కూడు. మా నాన్న వల, పీతల బుట్ట కట్టుకుని తెల్లారకముందే దివిసీమలో కాలువ గట్టు మీద పోతాడు. నేను బందరులో హాస్టల్ నుంచి కాలేజీకి సైకిల్ మీదే. వెనక లారీ హారన్ కొడితే మట్టిలోకి దిగాల్సిందే.

"బైకు కొనలేకే కదా" అంటారని సిగ్గుపడి మనం అడగట్లేదు. గుడివాడ దాకా అంతా బల్లపరుపు నేల, సైకిల్‌కి ఇంతకన్నా అనువైన చోటేది? రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పక్కన రెండు గజాలు మనకి వదిలితే చాలు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దాం. సైకిళ్ల మీదే వెళ్దాం. ఎవరెవరు వస్తారు?