వైఫై అలిగితే

ప్రశ్న: మా అమ్మాయి తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతోంది. విండోస్ 10కు కాలం తీరిందని సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లోనే లాప్‌టాప్‌లో విండోస్ 11 వేసుకుంది. మర్నాటి నుంచి వైఫై గుర్తే కనబడడం లేదు. దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమన్నారు. మావారు కొల్లేరు పక్క చేపల చెరువు చేస్తున్నారు. పట్టుబడికి ఇంకా రెండు నెలలుంది. ఇప్పుడు చేతిలో డబ్బు ఆడదు. పిల్ల ప్రాజెక్టు ఇవ్వడానికి గడువు దగ్గర పడింది. విండోస్ మార్చి వారమైంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: సోదరీ! తొందరపడి కొత్తదానికి బయానా ఇవ్వకండి. నిన్నటిదాకా పనిచేసిన వైఫై, విండోస్ మార్చిన మర్నాడే ఆగిందంటే, ముందు అనుమానించవలసింది ఆ మార్పునే. పైగా చాలా లాప్‌టాప్‌లలో వైఫై కార్డు మదర్‌బోర్డుకు తగిలించిన వేరే చిన్న ముక్క. అది నిజంగా పోయినా, లాప్‌టాప్ అంతా పోయినట్టు కాదు.

రేడియో రోజుల్లోనూ ఇలాంటిది జరిగింది. 1978 నవంబరు 23న, అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఆసియా, ఆఫ్రికా, ఐరోపా ఖండాల మీడియంవేవ్ కేంద్రాలకు కొత్త ఏర్పాటు అమలులోకి వచ్చింది. కేంద్రం అంకెను 9తో భాగిస్తే శేషం మిగలకూడదన్నది నియమం. మన విజయవాడ కేంద్రం అంకె 837. కావాలంటే భాగించి చూడండి! అలా స్థానం మారిన కేంద్రం సరిగా వినబడకపోతే పెట్టె చెడిపోయినట్టు కాదు. ముల్లు కాస్త జరపాలి, అంతే.

మీ ఇంట్లోనూ అలాంటిదే జరిగి ఉండాలి. విండోస్‌కూ వైఫై కార్డుకూ నడుమ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది. కొల్లేరు నీరు సముద్రానికి చేరాలంటే ఉప్పుటేరు కావాలి కదా! ఉప్పుటేరు పూడితే కొల్లేరుదీ తప్పు కాదు, సముద్రానిదీ కాదు. విండోస్ కొత్తదై, డ్రైవర్ పాతదిగానే మిగిలినా, సరిపడనిది వచ్చి చేరినా, దారి మూసుకుంటుంది.

ఇక అమ్మాయిని కూర్చోబెట్టి, ఈ వరుసలోనే చూడమనండి.

మొదటిది: అదే వైఫై మీ ఫోనుకు అందుతోందా? అందకపోతే తప్పు రూటర్‌దో, లైనుదో. లాప్‌టాప్ జోలికి పోనక్కరలేదు.

రెండవది: ఏరోప్లేన్ మోడ్ వేసి ఉందేమో చూడండి. కొన్ని పాత లాప్‌టాప్‌లకు పక్కన వైఫై మీట కూడా ఉంటుంది. తరువాత షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయండి. విండోస్‌లో షట్‌డౌన్ చాలాసార్లు కునుకు మాత్రమే. రీస్టార్ట్ చేస్తేనే అన్నీ మొదటినుంచి మొదలవుతాయి.

మూడవది: స్టార్ట్ గుర్తు మీద కుడి మీట నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డు పేరుందా? పేరుండి పక్కన పసుపుపచ్చ గుర్తుంటే, కార్డు బతికే ఉంది, డ్రైవర్‌తోనే పేచీ అని దాదాపు చెప్పవచ్చు. ప్రాపర్టీస్‌లో డ్రైవర్ అన్న చోట 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంటుంది. నొక్కనిస్తే నొక్కండి. నొక్కనివ్వకపోతే నాలుగవది చేయండి.

నాలుగవది: లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు రాసుకుని, తయారీ కంపెనీవారి సైట్ నుంచే వైఫై డ్రైవర్ తెచ్చుకోండి. నెట్టే లేనప్పుడు ఎలా తెస్తామంటారా? ఫోనును ఛార్జింగు తీగతో లాప్‌టాప్‌కు తగిలించి 'యూఎస్‌బీ టెథరింగ్' వేయండి. ఫోను డేటా లాప్‌టాప్‌కు వస్తుంది. డ్రైవర్లు దొరుకుతాయని ఊరూపేరూ లేని చోట డబ్బు కట్టకండి.

ఐదవది: ఇవేవీ ఫలించకపోతే, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ 'గో బ్యాక్' ఉంటుంది. పాత విండోస్‌కు తిరిగిపోయే దారి అది. మామూలుగా 10 రోజులే తెరిచి ఉంటుంది. మీకు వారం గడిచిపోయింది కనుక ఈ మాట మరవకండి. 'శుభ్రం చేస్తాం' అని ఎవరైనా పాత విండోస్ ఫైళ్లు తీసేస్తే ఆ దారీ పోతుంది. వెనక్కి వెళ్లేముందు ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లో దాచమనండి. అయితే 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు ఉచిత సంరక్షణ ఆపింది. కాబట్టి గడువు గట్టెక్కడానికి అది తాత్కాలికమైన వసతి అనుకోండి.

డివైస్ మేనేజర్‌లో కార్డు పేరే లేకపోతే, అప్పుడు కార్డు కదిలిందేమో, పోయిందేమో చూపించవచ్చు. అదే నిజమైనా, యూఎస్‌బీకి గుచ్చే చిన్న వైఫై డాంగిల్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ప్రాజెక్టు దానితోనూ పూర్తవుతుంది. దుకాణం వారిని 'మదర్‌బోర్డు పోయిందని ఎలా తెలిసింది? ఏం పరీక్ష చేశారు?' అని మర్యాదగానే అడగండి. పని తెలిసినవాడు నొచ్చుకోడు, చూపిస్తాడు.

హాస్టల్లో ఉండే పిల్లల కోసం ఇంకొక్క మాట. 2023 డిసెంబరులో విండోస్ 11కు వచ్చిన ఒక సవరణ తరువాత, విశ్వవిద్యాలయాల్లో, ఆఫీసుల్లో వాడే తరహా వైఫై కొన్ని లాప్‌టాప్‌లకు అందలేదు. ఇళ్లలోని వైఫైకి ఆ బాధ వచ్చే అవకాశం తక్కువ. మైక్రోసాఫ్ట్ వారే పొరపాటును గుర్తించి ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. కనుక ఇంట్లో పనిచేసి కాలేజీలో పనిచేయకపోతే, లాప్‌టాప్ విప్పించకుండా ముందు తోటి విద్యార్థులను, కాలేజీ నెట్‌వర్క్ చూసేవారిని అడగాలి.

మీకు ఈ గండం గడిచాక అమ్మాయితో ఒక పని చేయించండి. పనిచేస్తున్న వైఫై డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచి, మోడల్ నంబరు కాగితం మీద రాసి దానితోపాటు ఉంచమనండి. పరీక్షలకో, ప్రాజెక్టుకో గడువు వారంలో ఉందంటే ఆ వారం పెద్ద మార్పులేవీ వేయవద్దనండి. లాప్‌టాప్ కొనవలసిన రోజు ఎప్పుడో వస్తుంది. అది చెరువు పట్టుబడి అయ్యాక మీరు ఆలోచించుకుని కొనే రోజు కావాలి గాని, ఎవరో భయపెట్టిన రోజు కాకూడదు.