దీపం చెప్పేది సగమే

ఫెరార్‌గంజ్ దాటి ఉత్తరంగా వెళ్లేవారు బండి ఆరోగ్యం ముందే చూసుకోవాలి. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా సుమారు 49 కిలోమీటర్లు జారవా గిరిజనుల రిజర్వు. వాహనాలన్నీ కాన్వాయ్‌గానే సాగాలి, దారిలో ఆగకూడదు. అందుకే డ్యాష్‌బోర్డు మీద 'ఫోర్ వీల్' దీపం మిణుకుమనగానే జీపు వెనక్కి తిప్పాను.

షెడ్డులో స్కానర్ తగిలిస్తే తేలింది: యాక్చుయేటర్ మోటార్ సర్క్యూట్‌లో లోపం. డ్రైవర్ స్విచ్ తిప్పగానే ట్రాన్స్‌ఫర్ కేసులో గేరు జరిపి, ముందు చక్రాలకూ శక్తి అందేలా చేసే చిన్న మోటారే యాక్చుయేటర్. పెద్ద నగరంలో అయితే "మార్చేద్దాం సార్" అనేవారు. ఇక్కడ ఆ మాట ఖరీదు వేరు. విడిభాగం చెన్నై నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. ఓడ ఎక్కాక మూడు రోజులు, ఓడ దొరకడానికి ఎన్నిరోజులో!

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగువారు సుమారు 13 శాతం. మా మెకానిక్ వారిలో ఒకరు, తాతలది శ్రీకాకుళం. "ఆ మిషను అనుమానితుణ్ణే చూపిస్తాది బాబూ, దొంగని మనమే పట్టుకోవాల" అన్నారు.

విచారణ మొదలైంది. చక్రాలకు అడ్డు పెట్టి, మోటారు ఊడదీసి, దాని రెండు లావు తీగలకు ఫ్యూజ్ ఉన్న వైరుతో బ్యాటరీ కరెంటు క్షణం పాటు తగిలించారు. గిర్రున తిరిగింది. తీగలు తారుమారు చేస్తే ఎదురు తిరిగింది. సన్న తీగల జోలికి మాత్రం పోలేదు. అవి గేరు ఎక్కడుందో చెప్పే సెన్సర్‌వి, నేరుగా బ్యాటరీ తగిలితే మాడిపోతాయి. మోటారు నిర్దోషి.

తర్వాత కంట్రోల్ యూనిట్‌కు కరెంటు తెచ్చే తీగ. మీటరు పెడితే 12 వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. నేనైతే అక్కడే ఆగిపోయేవాణ్ణి. ఆయన మీటరు తీసి హెడ్‌లైట్ బల్బు తగిలించారు. అది మిణుగురులా వెలిగింది. మీటరు లాగే కరెంటు అత్యల్పం కాబట్టి కుళ్లిన తీగ కూడా దానికి పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. బరువు పడితేనే గుట్టు రట్టవుతుంది. టేపు విప్పితే లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పుగాలి పని.

జానెడు తీగ మార్చి టంకం వేశారు. దీపం ఆరింది. స్కానర్ మాట నమ్మి మోటారు తెప్పించి ఉంటే కొత్తదీ తిరిగేది కాదు, డబ్బూ తిరిగొచ్చేది కాదు.

స్కానర్లు ఊరూరా వచ్చాయి. వాటి తీర్పును పరీక్షించి చూసే ఓపికే కరువవుతోంది. మర్నాడు ఉదయం కాన్వాయ్‌లో మా జీపు ఎక్కడా ఆగలేదు.