అలవాటే సార్!

మొన్న మా కొత్త ఫ్లాట్‌లో వార్డ్‌రోబ్‌లకి పీయూ పాలిష్ కొట్టించాం. వాసనకి పాప దగ్గుతోందని మేం వారం పాటు అత్తగారింటికి చెక్కేశాం. మధ్యలో ఓసారి వెళ్తే కిటికీలన్నీ మూసేసి, కంప్రెసర్ పెట్టి స్ప్రే చేస్తున్నాడు పెయింటర్. మూతికి కర్చీఫ్ ఒక్కటే. రాత్రి పడక కూడా అక్కడే!

"కిటికీ తీయొచ్చుగా అన్నా?"

"తీస్తే దుమ్ము అంటుకుంటది సార్. మీరే అద్దంలెక్క ఉండాలన్నరు గదా. మాకు అలవాటే, పనైనంక ఇంత బెల్లం తింటం."

నిజమే, అద్దంలా ఉండాలన్నది నేనే.

కానీ ఈ "అలవాటే" అన్నది శుద్ధ అబద్ధం. పీయూలో రెండు డబ్బాలు కలుపుతారు కదా, ఆ హార్డెనర్ డబ్బాలో ఉండేవి ఐసోసయనేట్లు. పని వల్ల వచ్చే ఆస్తమాకి ముఖ్య కారణాల్లో ఇవొకటి. వీటికి ఒళ్ళు అలవాటు పడదు, పగబడుతుంది. ఒకసారి పడకుండా పోయిందా, ఆ తర్వాత కాస్త తగిలినా పిల్లికూతలు, ఆయాసం. సెలవుల్లో తగ్గుతుంది, కానీ చాలాసార్లు రాత్రిళ్ళు వస్తుంది. అందుకే దీనికీ పనికీ లంకె ఉందని ఎవరికీ తట్టదు.

బెల్లం పోయేది కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి కాదు. కర్చీఫ్ సంగతి వదిలేయండి, ఎన్95 కూడా ధూళిని ఆపుతుందే తప్ప ఆవిర్లని ఆపదు. పీయూ స్ప్రేకి కావాల్సింది గొట్టం ద్వారా బయటి గాలి అందించే మాస్కు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1989లోనే పెయింటర్ పనిని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో చేర్చింది. అందులో ముఖ్యమైనది ఊపిరితిత్తుల క్యాన్సరే.

"అదంతా కాంట్రాక్టర్ చూసుకోవాలండీ" అంటారా? కుర్చీ ఎత్తు సరిగా లేదని హెచ్ఆర్‌కి మెయిల్ కొట్టే జాతి మనది. ఆ పెయింటర్‌కి హెచ్ఆర్ ఎవరు? కాంట్రాక్టర్ కింద మేస్త్రీ, మేస్త్రీ కింద ఇతను. గృహప్రవేశం ముహూర్తం చెప్పి తరిమేది మాత్రం మనం. పూర్తిగా గట్టిపడ్డ పాలిష్‌లో ఐసోసయనేట్ల బెడద దాదాపు ఉండదు. అంటే మనం పాలు పొంగించేసరికి ముప్పు పోతుంది, కొట్టినవాడి ఛాతీలో మిగులుతుంది.

తలుపులు ఊడదీసి, గాలిని బయటికి లాగే బూత్ ఉన్న వర్క్‌షాప్‌లో స్ప్రే చేయించొచ్చు. లేదా అద్దంలాంటి మెరుపు మానేసి లామినేట్‌తో సరిపెట్టుకోవచ్చు. స్ప్రే ఎక్కడ చేయించినా ఆ మాస్కు ఖర్చు కొటేషన్‌లో రాయించి మనమే కట్టాలి. మాడ్యులర్ కిచెన్‌కి లక్షలు పోసేవాళ్ళం, దీని దగ్గర బేరమాడతామా?

నేను ఆరోజు ఇవేవీ చేయలేదు. కిటికీలు తీయించి వచ్చేశా, అంతే. మా వార్డ్‌రోబ్ అద్దంలాగే ఉంది. అందులో మొహం చూసుకోవడమే కష్టంగా ఉంది.