ముందు నీళ్లు, తర్వాత తహ్‌ఖీఖ్

2019లో రంజాన్ మే నెలలో వచ్చింది. నెల్లూరు ఎండలు తెలిసినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒక జుమా రోజు ఒంటిగంట దాటాక మసీదుకు దాదాపు పరుగెత్తుతూ పోతున్నాను. గేటుకు ఇరవై అడుగుల ఇవతల, మూసిన దుకాణం షట్టర్ ముందు ఒక మనిషి ఎండలో పడి ఉన్నాడు. మాసిన లుంగీ, పెరిగిన గడ్డం, తల కింద ప్లాస్టిక్ సంచి. పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. నా ముందు పోయేవాళ్లు పక్కకు తప్పుకొని పోయారు. నేనూ తప్పుకున్నాను. ఎవరో "తాగి పడ్డాడు, రంజాన్‌లో కూడా!" అన్నారు. ఆ మాట వినగానే నా మనసు కుదుటపడింది. నిజమే చెప్తున్నాను. తాగినవాడైతే నా జిమ్మేదారీ కాదు గదా!

నమాజు ముగించుకొని బయటికొచ్చేసరికి ముప్పావు గంట గడిచింది. ఆయన రోడ్డుకు అవతల వేపచెట్టు కింద ఉన్నాడు. అక్కడ మజ్జిగ అమ్ముకునే పెద్దామె, ఒక ఆటో అబ్బాయి కలిసి ఆయన్ని నీడకు చేర్చారు. ఆమె తన తువ్వాలు తడిపి ఒంటిమీద కప్పి, అట్టముక్కతో విసురుతోంది. 108కి ఫోన్ చేసింది ఆటో అబ్బాయే. నా టోపీ చూసి ఆమె అంది: "ఏంది సాయిబూ, ఇంతమంది పోయినారే, ఒక్కరికన్నా కళ్లు కనపళ్లేదా? లోపల అన్ని కుళాయిలు ఉండాయి గదా!"

వుజూ కుళాయిల సంగతి ఆమె అంటోంది. నేను ఆ పూట అక్కడే మూడుసార్లు ముఖం కడుక్కున్నాను.

అంబులెన్స్‌లో వచ్చినతను చూసి వడదెబ్బ అన్నాడు. మందు వాసనే లేదు. ఒంటిమీద నీళ్లు పడి కాస్త తేరుకున్నాక ఆయన హిందీలో రెండు మాటలు అన్నాడు. మజ్జిగామెకు హిందీ రాదు, ఆటో అబ్బాయికీ రాదు. ఆ వీధిలో ఆయన మాట అర్థమయ్యేవాళ్లు ఎవరంటే, ముప్పావు గంట ముందు ఆయన్ని దాటుకొని పోయిన మేమే. ఇటుక బట్టీ పనికి వచ్చాడట, కూలి ఎగ్గొట్టి తరిమేశారట, మూడు రోజులుగా నడుస్తున్నాడట.

మనలో రహమ్ లేదని నేను అనను. రంజాన్‌లో మన ఇళ్ల నుంచి ఎంత ఖైరాత్ పోతుందో నాకు తెలుసు. అమ్మీ బతికున్నన్నాళ్లు గుమ్మం ముందుకు వచ్చినవాణ్ని ఖాళీ చేతులతో పంపలేదు. మన జబ్బు ఇంకోటి: సాయానికి ముందు తహ్‌ఖీఖ్ కావాలి మనకు. ఎవడు వీడు? తాగాడా? మనవాడా, పరాయివాడా? ముఠావాడేమో? నటిస్తున్నాడేమో? ఈ సవాళ్లన్నింటికీ జవాబు దొరికేలోపు మసీదు గేటు వచ్చేస్తుంది, లోపలికి వెళ్లిపోతాం.

తాగినవాడన్న ముద్ర ఎంత సులువంటే, షుగర్ ఒక్కసారిగా పడిపోయిన మనిషి కూడా అచ్చం అలాగే తూలుతాడు, మాట ముద్దగా వస్తుంది. వడదెబ్బ తగిలినవాడు పిచ్చిగా మాట్లాడతాడు. సరే, నిజంగానే తాగాడనుకోండి. ఎండ అతన్ని వదిలేస్తుందా?

అమెరికాలో ప్రిన్‌స్టన్ సెమినరీలో పాదిరీ చదువు చదివే నలభై మంది విద్యార్థుల మీద ఒక పరీక్ష చేశారు. డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు దాన్ని 1973లో అచ్చువేశారు. పక్క భవనానికి పోయి ప్రసంగం చెయ్యమన్నారు. దారిలో ఒకతను మూలుగుతూ కూలబడి ఉండేలా ఏర్పాటు చేశారు. ఆలస్యమైందని తొందరపెట్టి పంపినవాళ్లలో సాయానికి ముందుకొచ్చింది నూటికి పదిమందే. తొందర లేనివాళ్లలో నూటికి అరవైమూడు మంది. కొందరు చెప్పబోయే ప్రసంగం ఏమిటనుకున్నారు? దారిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషిని ఒక పరాయివాడు ఆదుకునే ఇంజీల్ కథ! చదివి నవ్వుకున్నాను గానీ ఎక్కువసేపు కాదు. మా జుమా బయాన్ ఆ రోజు పొరుగువాడి హుఖూఖ్ మీద.

తొందర అంటే, నమాజుకే గదా తొందర, అంటారు. కాని ఎదురుగా ఒక ప్రాణం పోతుంటే నమాజులో ఉన్నవాడు సైతం నమాజు తెంచుకొని పోయి కాపాడాలని మన ఫిఖ్హ్ చెప్తోంది. చదివే నమాజునే ఆపమన్నప్పుడు, నమాజుకు పోతున్న మన కాళ్లను ఆగమనడంలో ముష్కిల్ ఏముంది?

జకాత్ సంగతి కూడా చూడండి. చాలాచోట్ల మన కమిటీలు ఇప్పుడు ఫారం నింపమంటున్నాయి. ఆధార్, రేషన్ కార్డు, మొహల్లా పెద్దల సిఫారసు. దొంగ అర్జీలు వస్తాయి కాబట్టి అది పూర్తిగా తప్పని అనలేను. కాని ఇల్లే లేనివాడు ఏ మొహల్లా పేరు రాస్తాడు? సూరా తౌబాలో జకాత్‌కు హక్‌దారులైన ఎనిమిది తరగతుల్లో ముసాఫిర్ ఒకడు. తన ఊళ్లో ఉన్నవాడైనా సరే, దారిలో చెయ్యి ఖాళీ అయితే అతనికి హక్ ఉందని ఉలమా చెప్తారు. ఆ మసాయిల్ వాళ్లనే వివరంగా అడగండి. సదఖాకైతే మజ్‌హబ్ కూడా అడగక్కర్లేదు.

ఈ తహ్‌ఖీఖ్ పిచ్చి ముదిరితే ఎక్కడిదాకా పోతుందో 2018 రంజాన్‌లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, మే నెల రాత్రి, భిక్ష కోసం వచ్చిన ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపేసింది. రోజాల నెల అది, పాతబస్తీ అది. ఆ వీడియోలు మన కుటుంబాల గ్రూపుల్లోనే తిరిగాయి. నా ఫోన్‌కు వచ్చిన పుకారు మెసేజ్ పంపింది మా సొంత ఖాలా. ఆమె మంచిదే, భయపడింది. పరాయి మనిషి కనిపిస్తే ముందు భయపడటం మనం పిల్లలకు నేర్పాం, ఏమైందని అడగడం నేర్పలేదు.

ఆడవాళ్లు ఒంటరిగా రాత్రివేళ తెలియని మనిషి దగ్గరకు పోవాలని నేను అనడం లేదు. దూరం నుంచి 108కి ఒక్క ఫోన్ చాలు. 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైన సేవ అది, మనకే గుర్తు రాకపోతే ఎట్లా? కేసుల భయం కూడా చాలామందికి ఉంది. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయపడినవాణ్ని అందుకుగాను కేసుల్లో ఇరికించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలోనే చేర్చారు. మతి చలించి రోడ్ల మీద తిరిగే నిరాశ్రయుల విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం పోలీసుల మీదే బాధ్యత పెట్టింది. రక్షణలోకి తీసుకున్న 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. దర్గాల దగ్గర ఇలాంటివాళ్లు ఎంతమంది ఉంటారో మనకు తెలుసు. వాళ్ల ముందు రూపాయి వేసి దువా అడిగి వచ్చేస్తాం.

2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతా ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. పదిహేడు లక్షల డెబ్బై వేల పైచిలుకు తేలారు. ఆ ఒక్క రాత్రి ఎవరో కాగితం పట్టుకొని వాళ్ల దగ్గరకు వెళ్లి నీ పేరేమిటని అడిగారు.

ఆ ఏడాది ఈద్ తర్వాత నేను మా మసీదు కమిటీని ఒకటే అడిగాను. గేటు బయట, నీడలో, ఒక కుండ, ఒక బల్ల, గోడమీద 108 అంకె. ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను. "రోజూ ఎవడో ఒకడు వచ్చి పడుకుంటాడు భాయీ" అన్నారు. పడుకోవడానికే గదా బల్ల అన్నాను. మష్వరా చేస్తామన్నారు. కుండ పెట్టనిచ్చారు. బల్ల మీద మష్వరా ఇంకా జరుగుతూనే ఉంది.

మజ్జిగామెకు ఆ మరుసటి జుమా రోజు వంద రూపాయలు ఇవ్వబోయాను. "రోజా గదా నీకు, తాగని మజ్జిగకు డబ్బులెందుకు?" అని ఆయన ఎట్లున్నాడని అడిగింది. నేను ఆసుపత్రికి పోలేదు. నా దగ్గర జవాబు లేదు.